గుండ్రటి టెయిల్ లైట్లు

ఈ మధ్య గొడుగులు గొడుగుల్లా ఉండడం లేదు. బటన్ నొక్కగానే ఠక్కున తెరుచుకుంటాయి, కాదనను. కానీ నాలుగు చినుకులు పడి, కృష్ణా నది మీంచి కాస్త గాలి వీచిందంటే చాలు, తిరగబడి ఆకాశం వైపు నోరు తెరుస్తాయి. వాన నీళ్లు పట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాని ఆ సరుకును నెత్తిన పెట్టుకుని బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ నాకు మా పిన్ని నల్ల గొడుగు గుర్తొస్తుంది. వంకీ తిరిగిన చెక్క పిడి, మందపాటి గుడ్డ. తుఫానులో కూడా వంగని గొడుగు. వంగకపోవడం పిన్ని దగ్గర నేర్చుకుందేమో.

ఆ రోజుల్లో నాకు ఇంజనీరింగ్ పట్టా ఉండేది, ఉద్యోగం ఉండేది కాదు. అంచేత అభిప్రాయాలు విరివిగా ఉండేవి. వాటిని ఖర్చు చేసుకోవడానికి ప్రతి ఆదివారం గుణదలలో మా బాబాయి ఇంటికి వెళ్లేవాణ్ణి. చర్చి నుంచి బాబాయీ పిన్నీ తిరిగి రాగానే వాళ్ల వరండాలో మా సభ మొదలయ్యేది. సభ్యులం నలుగురం, విషయం ఒకటే. ఎప్పుడో తయారీ ఆపేసిన ఓ స్పోర్ట్స్ కారు మళ్లీ వస్తుందా, వస్తే ఎలా వస్తుంది? (కంపెనీ పేరు చెప్పను. ఆ పేరెత్తితే మా సభ్యుల్లో ఇద్దరు ఇప్పటికీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.)

దీనికంతటికీ మూలం బాబాయి. ఆయన కాలేజీలో చదివేటప్పుడు ఓ సాయంత్రం బ్యారేజీ మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే ఓ ఎర్ర కారు ఆయన్ని దాటి వెళ్లిందట. రెండే సీట్లు, మడిచి వెనక్కి పెట్టే గుడ్డ కప్పు, నేలను రాసుకుంటూ పోతున్నట్టు ఉండే వాలకం. ఆయన దాన్ని చూడడం అదే మొదలు, అదే చివర. చూసింది కూడా ఎక్కువగా వెనక భాగమే. అందువల్ల టెయిల్ లైట్ల విషయంలో మా సభలో ఆయన మాటకు తిరుగులేదు. "గుండ్రంగా, రెండు దానిమ్మకాయల్లా ఉంటాయిరా," అనేవాడు కళ్లు మూసుకుని. ఆ కారు మళ్లీ వచ్చేదాకా ఇంకో కారును గడప తొక్కనివ్వనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. అది ఆయన వరకూ ఒట్టే. పిన్నికి మాత్రం శిక్ష.

ఎందుకంటే పిన్నికి కావలసింది కారు. ఆ కారు, ఈ కారు అని లేదు. పైన రేకు, పక్కన తలుపు ఉంటే చాలు. ఆవిడ అక్కగారు ఉయ్యూరులో ఉండేవారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కదల్లేరు గనక పిన్నే వెళ్లి చూసి రావాలి. వానాకాలంలో బందరు రోడ్డు మీద ఆ ప్రయాణం ఒక దృశ్యం. స్కూటర్ ముందు బాబాయి, వెనక పిన్ని, ఇద్దరి మీదా ఆ నల్ల గొడుగు. గొడుగు అంచు బాబాయి కళ్లకు అడ్డంగా ఉండేది. "లారీ వస్తోంది, ఎడమకి రండి... ఇప్పుడు తిన్నగా... గేదెలండీ, ఆగండి!" అని వెనక నుంచి వినిపించేది. న్యాయంగా చూస్తే స్కూటర్ నడిపింది పిన్నే, బాబాయి హ్యాండిల్ పట్టుకున్నాడంతే.

సభలో మిగతా ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకాయన విద్యుత్ శాఖలో పనిచేసేవారు, మేం కరెంటు గారు అనేవాళ్లం. రెండో ఆయనకు ఆటోనగర్‌లో పాత కార్ల స్పేర్ పార్టుల కొట్టు ఉండేది, ఆయన గేర్‌బాక్స్ భాయ్. కొత్త కారు బ్యాటరీతో రావాలని కరెంటు గారు, పెట్రోలుతోనే రావాలని భాయ్.

"చప్పుడు లేని స్పోర్ట్స్ కారు ఉప్పు లేని బిర్యానీ అండీ," అనేవాడు భాయ్. "అయినా మధ్యలో కరెంటు పోతే?"

"మేమంతా ఉండగా కరెంటు ఎందుకు పోతుందండీ?" అన్నారు కరెంటు గారు ఓ ఆదివారం. ఫ్యాను ఆగింది. (అది ముందే ప్రకటించిన మరమ్మతు అని ఆయన చాలాసేపు వివరించారు, చెమట తుడుచుకుంటూ.)

నాది ఇంటర్నెట్ విభాగం. కారుకు ముసుగు తొడిగి ఎక్కడో రోడ్డు మీద పరీక్షిస్తున్నారంటూ ఏటా ఒక ఫోటో బయటకొచ్చేది. నేను దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూపించేవాణ్ణి. "అదిగో అద్దం," అనేవాణ్ణి. "అద్దం కాదది, వెనక నిలబడ్డ మనిషి మోచెయ్యి," అనేవారు కరెంటు గారు. ఆ మోచెయ్యి మీద రెండు ఆదివారాలు గడిచాయి. అప్పటికి నాకు తెలిసిన స్టీరింగల్లా షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఇరుక్కున్నప్పుడు మోకాలికి గుచ్చుకునేదే. అయినా ఆ కారు మలుపుల్లో ఎలా ఒదిగిపోతుందో నేను చెబుతుంటే భాయ్ తల ఊపేవాడు. ఎవరూ అడగని ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల వయసది.

పిన్ని టీ తెచ్చినప్పుడల్లా ఒక్కటే అడిగేది. "ఇంతకీ పైన రేకు ఉంటుందా, ఉండదా?"

"గుడ్డేనే పిచ్చిదానా! అదే దాని అందం," అనేవాడు బాబాయి. పిన్ని ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లేది.

ఓ వారం మాత్రం కొత్త ప్రశ్న వేసింది. "వంతెన ఎక్కేటప్పుడు ముందు బండి ఆగిందనుకోండి. మనదీ ఆపి, మళ్లీ కదిలించేలోపు వెనక్కి జారకుండా ఏం చేస్తారు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని జాలిగా నవ్వుకున్నాం. "ఇది స్పోర్ట్స్ కారు పిన్నీ, వెనక్కి జారదు," అన్నాను నేను. పిన్ని నా వైపు కాసేపు చూసి, "అలాగా," అంది. ఆ మధ్య ఆవిడ రోజూ పొద్దున్నే ఏదో పనుందని చెప్పి వెళ్లివస్తూ ఉండేది. ఏం పని అని అడిగే తీరిక మాకెక్కడిది? మేం టెయిల్ లైట్ల మీద ఉన్నాం.

చివరికి ఆ కారు నిజంగానే వచ్చింది. పెట్రోలుతోనే వచ్చింది. (కరెంటు గారు దాన్ని తాత్కాలికం అన్నారు.) బెంజ్ సర్కిల్ దగ్గర షోరూములో పెట్టారని తెలిసి నలుగురం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లాం. గొడుగు పట్టుకుని పిన్ని కూడా వచ్చింది. ఎర్రగా, పొట్టిగా, గుడ్డ కప్పు మడిచి ఉంది కారు. బాబాయి ముందువైపు చూడకుండా నేరుగా వెనక్కి వెళ్లాడు. నిలబడిపోయాడు. టెయిల్ లైట్లు సన్నటి గీతల్లా ఉన్నాయి.

ఆయన తేరుకునేలోపు టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు వచ్చి, "టెస్ట్ డ్రైవ్ చేస్తారా సార్? లైసెన్స్ ఉంటే చాలండీ," అన్నాడు.

నలుగురం జేబులు తడుముకున్నాం. బాబాయిది స్కూటర్ లైసెన్స్. నాది మోటార్ సైకిల్ది. కరెంటు గారిది ఎల్ బోర్డు దాటలేదు, అది కూడా గడువు తీరింది.

"మరి మీరు సార్?" అడిగాడు కుర్రాడు భాయ్‌ని.

"నేను కార్లని ముక్కలుగానే చూశాను తమ్ముడూ," అన్నాడు భాయ్. "మా కొట్టుకి మొత్తం కారు ఎప్పుడూ రాలేదు."

అప్పుడు పిన్ని హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. జపమాల పక్కకు జరిపి, కొత్తగా మెరుస్తున్న కార్డొకటి తీసి కుర్రాడికి ఇచ్చింది. గొడుగు నా చేతికిచ్చి, చీర కొంగు నడుముకు దోపి, డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. వంతెన మీద బండి జారకుండా ఆపడం ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి ఎక్కడ నేర్చుకుందో మా నలుగురికీ ఒకేసారి అర్థమైంది. కుర్రాడు పక్క సీట్లో ఎక్కాడో లేదో కారు గేటు దాటి ట్రాఫిక్‌లో కలిసిపోయింది. మేం గేటు దగ్గర బస్సు తప్పిపోయిన వాళ్లలా నిలబడ్డాం. చినుకులు మొదలయ్యాయి. నేను గొడుగు తెరిస్తే నలుగురం దాని కింద దూరాం.

చాలాసేపటికి వచ్చారు. కుర్రాడి టై భుజం వెనక్కి పోయింది. "మేడమ్ వారధి దాకా తీసుకెళ్లారండీ," అన్నాడు తడి మొహం తుడుచుకుంటూ. "వానొస్తోంది, టాప్ మూస్తానన్నానండీ. ఇన్నేళ్లు గొడుగు పట్టుకున్నాను, ఈ ఒక్కపూట వదిలెయ్ బాబూ అన్నారండీ."

పిన్ని దిగలేదు. జుట్టంతా చెదిరిపోయి, కళ్లద్దాల మీద చినుకులతో, స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచి నవ్వుతోంది. పిన్ని అలా నవ్వగా అంతకు ముందు నేను చూడలేదు.

ఇప్పుడు నాకు ఉద్యోగముంది, కారు లైసెన్సూ ఉంది, పైన రేకున్న తెల్ల కారూ ఉంది. అభిప్రాయాలు మాత్రం బాగా తగ్గాయి. ఆ ఎర్ర కారు ఇప్పుడు గుణదలలో ఉంది. ఆదివారాలు పిన్ని దాన్ని ఉయ్యూరు రోడ్డెక్కిస్తుంటే, పక్క సీట్లో బాబాయి నల్ల గొడుగు ఒళ్లో పెట్టుకుని, "లారీ వస్తోంది, ఎడమకి రా," అంటుంటాడు. వాళ్లు తిరిగొచ్చాక వరండాలో సభ ఇప్పటికీ జరుగుతుంది. ఈసారి కరెంటు కారు వస్తుందంటున్నారు. నేనూ వెళ్తాను, మోచెయ్యి ఫోటోలు ఇప్పుడు నాకు కూడా మసకగానే కనిపిస్తాయి. ఏ మాటకామాటే, అక్కడ కూర్చుంటే బాగుంటుంది.

మా చర్చ ఏదీ బాబాయి మనసు మార్చలేదని మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు షోరూములో ఆయన మా గొడుగు కిందనుంచి బయటకొచ్చి, కారు వెనకే నిలబడి, బ్యారేజీ మీద సైకిల్ తొక్కిన కుర్రాడి గొంతుతో అన్నాడు. "ఇది ఆ కారు కాదే. టెయిల్ లైట్లు గుండ్రంగా లేవు. మనకొద్దు."

పిన్ని అద్దంలో ఆయన్ని చూసింది.

"టెయిల్ లైట్లు వెనకుండేవాళ్లకండీ. నేను ముందు కూర్చుంటాను."