మెట్రోలో కారిన పాల ప్యాకెట్

ఈ రోజు నా రొమ్ములో గడ్డకి బయాప్సీ చేశారు. స్కాన్ తెర మీద చూస్తూ సూది దించారు. ఆ పక్కంతా మొద్దుబారి నాది కానట్టుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే, రైలు మబ్బు మీద పోతున్నట్టే అనిపించింది. చున్నీ కింద ఐస్ ప్యాక్ చెమర్చి చుక్కలు కారుతున్నాయి.

"ఏం కారుతుందక్కా?" అంది పక్క సీటామె.

"పాల ప్యాకెట్టండీ."

"పాలయితే తెల్లగ కారుతయి గదా," అని మెల్లగా నవ్వింది. "నాకు పోయినేడు కుడి దిక్కు చేసిన్రు."

చైతన్యపురిలో కోచింగ్ పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. ఆమె నాకు అడ్డంగా పెట్టిన చెయ్యి ఎల్బీనగర్ దాకా తియ్యలేదు.

ఇంట్లో చెప్పడానికి మీకెవరికైనా నోరొచ్చిందా? నాకు రాలేదు. అత్తయ్యా, ఇది చదువుతుంటే, ఫ్రీజర్‌లో నేను పెట్టింది పాలు కాదు.