సింహాచలం ఆంటీ బూడిదరంగు మేజోళ్ళు

డిసెంబరు వానలు మొదలైతే మా బుకిట్ బటోక్ ఫ్లాటులో ఏ గుడ్డా ఓ పట్టాన ఆరదు. మొన్న ఆదివారం గొడుగు కోసం, ఇక్కడ ఫ్లాటుకొకటి కట్టే బాంబు షెల్టరు తలుపు తీశాను. పేరుకే షెల్టరు, అందరిళ్ళలోలాగే మాకూ అది సామాన్ల గది. పై అరలోంచి గుడ్డ సంచి ఒకటి జారి నా భుజం మీద పడింది. ముందు కలరా ఉండల వాసన, దాని వెనకే ఉన్ని వాసన. సంచిలోంచి బూడిదరంగు మేజోళ్ళ జత బయటికొచ్చి, నేల మీద చిటికెడు ఎర్ర ఇసుక రాలింది. మా అమ్మాయి చీపురు పట్టుకొచ్చింది. వద్దన్నాను. "ఇసుకే కదా లా, మమ్మీ" అంది, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి యాసలో. ఇసుకే. కానీ ఆ ఇసుక మీద నడవాల్సిన మనిషి నడవకుండానే వెళ్ళిపోయింది. నడిపిస్తానని మాటిచ్చింది నేను.

ఆవిడ పేరు సింహాచలం. మా పక్క బ్లాకు కింద బట్టలు సరిచేసే చిన్న దుకాణం ఉండేది. బోర్డు మీద పేరు చూసి మగ టైలరనుకుని వెళ్ళినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మలేషియాలో కొబ్బరి తోటల దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక ఆ పక్కనే ఉన్న ఈ దీవి దేశానికొచ్చింది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కిన తెలుగు ఆవిడ నోట్లో అలాగే నిలిచిపోయింది, మధ్యమధ్య తమిళం, మలయ్ భాష కలుపుకుని. నేను అనంతపురందాన్ని, మొదట్లో ఆ మాట నాకు సగమే అందేది. చదివింది తమిళ బడిలో కాబట్టి తెలుగు రాయడం రాదు. కొలతల చీటీలన్నీ తమిళ అక్షరాల్లో తెలుగు రాసుకునేది. నేను నవ్వితే, "నీకు సదవడం రాదు గానీ నాకు బాగానే అర్దమవుతాది" అనేది.

తొమ్మిదేళ్ళ కిందట ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వెళ్ళాను. శీతాకాలంలో జోర్డాన్ ఎడారిలో మూడు రోజులు నడవాలని ఆఫీసులో నలుగురం తెగ ఊగిపోతున్న రోజులవి. ఎక్కడికని అడిగితే చెప్పాను. మిషను ఆగిపోయింది. "మా ఆయన అక్కడే రెండు సలికాలాలు రోడ్డు సర్వేలో పన్జేసినాడు. ఏటేటి సర్దినావో సెప్పు" అంది. ఫోనులో రాసుకున్నది గొప్పగా చదివాను. జీన్సులు రెండు, నూలు బనియన్లు ఆరు, స్వెట్టరు ఒకటి, ఆవకాయ. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"జీన్సు తడిస్తే రెండ్రోజులారదు. నూలు సెమట తాగేసి ఒంటికంటుకుంటాది. పగలు బాగానే ఉంటాది, పొద్దు గూకినాక సూడు."

"ఎడారి గదా ఆంటీ, నూలే మంచిది గదా? నేను అనంతపురం ఎండల్లో పెరిగినదాన్ని."

"నానూ అదే అనుకున్నానమ్మా."

మొదటి ఏడు ఆవిడే మెత్తటి నూలు చొక్కాలు డజను కుట్టి భర్త పెట్టెలో సర్దిందట. వేడి దేశాల మనుషులం, నూలును మించింది లేదని మన నమ్మకం. ఆయన పగలంతా చెమటోడ్చి, సాయంత్రం అదే తడి చొక్కాతో చలిగాలిలో నిలబడ్డాడు. న్యుమోనియా వచ్చి మూడు వారాలు పరాయి దేశపు ఆస్పత్రిలో పడున్నాడు. "నా సేత్తో కుట్టినాను ఆ సొక్కాలు" అంది. ఆ సంగతి తరవాత ఎన్నిసార్లు చెప్పినా, ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గిపోయేది.

మా నలుగురి ప్రయాణం వారానికే నీరుగారిపోయింది. ఆంటీ మాత్రం వదల్లేదు. "ఆళ్ళు రాకపోతే ఏటి, నాను రానా?" అంది. తెల్లారేసరికి ఎర్ర ఇసుక మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది, నువ్వొకసారి చూడాలి అని ఆయన ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడట. తీసుకెళ్ళాలనుకుంటూనే ఆయన ఇక్కడే, ఈ ఊళ్ళోనే పోయాడు. నాతో ఈ మాటలన్ననాటికి ఆవిడకి అరవై నాలుగేళ్ళు. "ఒకపాలి సూసొద్దామే" అని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు. "తప్పకుండా ఆంటీ, ఈ డిసెంబరే" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

ఇక ఆదివారం పొద్దున్నే ఇద్దరం వీపులకి సంచులు తగిలించుకుని మా బ్లాకు పదహారు అంతస్తుల మెట్లూ ఎక్కేవాళ్ళం. నా సంచిలో నాలుగు లీటర్ల నీళ్ళు, ఐదు కిలోల బియ్యం. ఆవిడ సంచిలో అందులో సగం. దారిలో ఎదురైనవాళ్ళు లిఫ్టు చెడిపోయిందా అని కంగారుపడేవాళ్ళు. ఒకరోజు మా పడగ్గదిలో ఏసీ పదహారుకి పెట్టించి, తడిపిన నూలు బనియను నా చేత తొడిగించి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. పది నిమిషాల్లో నా పళ్ళు టకటకలాడాయి. తరవాత తడిపిన పలచటి ఉన్ని బనియను ఇచ్చింది. అదీ తడే, కానీ ఒళ్ళు అంతగా వణకలేదు. "ఇప్పుడు తెలిసినాదా?" అంది. ఎన్ని వ్యాసాలు చదివినా తలకెక్కనిది ఆ కుర్చీలో ఎక్కింది.

ఒంటికి ఆనేది పలచటి ఉన్ని, దాని మీద వెచ్చదనాన్ని పట్టి ఉంచే మందపాటిది, అన్నిటికన్నా పైన గాలి దూరనిది. పగటి ఎండకి అంచులున్న టోపీ, ఇసుక లేస్తే ముక్కుకి చుట్టుకునే గుడ్డ, పొద్దు వాలగానే చెవులు కప్పే ఉన్ని టోపీ, చేతులకి తొడుగులు. బూట్లు అరసైజు పెద్దవి. నీళ్ళ సీసా ఒకటి పడుకునే సంచి లోపల పెట్టుకోవాలి, బయటుంటే గడ్డకట్టినా కట్టొచ్చు. ఇవన్నీ ఎడారి మొహం చూడని మనిషి భర్త ఉత్తరాలు బట్టీపట్టి నాకు చెప్పింది. "సలి పుట్టకముందే తొడుక్కోవాల, సెమట పట్టకముందే తీసెయ్యాల. ఆలీసమైతే ఏదీ పనికిరాదు" అని మెట్టుమెట్టుకీ అనేది. ఆ రొప్పు, ఆ మాట ఇప్పటికీ మా మెట్ల దగ్గర నాకు వినబడతాయి.

ఆ డిసెంబరులో ఆఫీసులో పెద్ద పని పడింది. సెలవు దొరకలేదని చెప్పాను. నిజానికి గట్టిగా అడగనే లేదు. మరుసటేడు అమ్మాయి పరీక్ష ఫలితాలు, కొత్త స్కూలు హడావుడి. ఆపై ఏడు ఏం వంక చెప్పానో గుర్తు కూడా లేదు. ఆదివారాల మెట్లు ఆగిపోయాయి. మొహం చెల్లక చుట్టుదారిన రైలు స్టేషనుకి పోయేదాన్ని. ఆవిడ ఒక్కసారైనా నిష్ఠూరమాడలేదు. కనబడితే "మాకన్ అయినాదా?" అని, తిన్నావా అని మాత్రమే అడిగేది. ఒకనాడు దుకాణం ముందు ఈ బూడిదరంగు మేజోళ్ళని ఎండలో ఆరేస్తూ కనబడింది. తన కోసం కొనుక్కున్నవి, ఇంకా తొడగనివి. "ఏడాదికోపాలి ఎండ సూపించాల, లేకపోతే పురుగు తినేస్తాది" అంది. రైలుకి వేళైందని వచ్చేశాను.

నాలుగో ఏడు సిగ్గు తెచ్చుకుని, టిక్కెట్లు తీస్తున్నానని చెప్పడానికి వెళ్ళాను. ఆంటీ నవ్వింది. గుండె బలహీనపడిందని, విమానం ఎక్కొద్దని డాక్టర్లు అప్పటికే చెప్పారట. "నువ్వెల్లి సూసి రా. వచ్చి నాకు సెప్పు" అంది. మీరు లేకుండా వెళ్ళను అన్నాను. అది ప్రేమ అనుకున్నాను అప్పుడు. ఆవిడ అడిగిన చివరి పని కూడా చెయ్యలేదన్నమాట. మార్చిలో పోయింది.

ఊరి ఇంకో కొసన యీషున్‌లో ఉండే ఆవిడ కొడుకు ఈ గుడ్డ సంచి తెచ్చి, అమ్మ మీకిమ్మంది అన్నాడు. లోపల నా కొలతకి కుట్టిన ఉన్ని బనియను, ఆవిడ మేజోళ్ళు, తమిళ అక్షరాల చీటీ. అతనికి తమిళం చదవడం రాదు, నాకూ రాదు. మర్నాడు ఆఫీసులో సెల్వానికి ఇచ్చాను. "ఇది తమిళం కాదే" అన్నాడు. అర్థం కాకపోయినా పైకి చదవమన్నాను. సెల్వం కూడబలుక్కుంటూ చదువుతుంటే, అతనికి అర్థంకాని ఆ తెలుగులో, ఆంటీ మాట్లాడింది. టోపీ, తొడుగులు, నాలుగు లీటర్ల నీళ్ళు, అన్నీ వరసగా. ఆఖరున ఇలా ఉంది: "నా మేజోళ్ళు నీకు సిన్నవి. అయినా పట్టుకెల్లు. పక్కన నడిచేటోళ్ళకి కావాలిసొస్తాది." నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. తప్పు చదివానేమోనని సెల్వం భయపడిపోయాడు.

మరుసటి జనవరిలో వెళ్ళాను, ముక్కూమొహం తెలియని పది మందితో. రెండో రోజు తెల్లవారాక గుడారం తెర తీస్తే, ఎర్ర ఇసుక మీద పలచగా మంచు. అచ్చం ఆ ఉత్తరాల్లో ఉన్నట్టే. నాకు ముందు ఏడుపు రాలేదు, నా మీద నాకు ఒళ్ళు మండింది. పక్క గుడారం ముందు మా ఊళ్ళోనే హౌగాంగ్ నుంచి వచ్చిన పొట్టి టీచరమ్మ తడిసిన మేజోళ్ళు విప్పి పాదాలు రుద్దుకుంటోంది. "ఎడారి కదా, కాటన్ చాలనుకున్నా లా" అంది. ఆంటీ జత నా సంచిలోనే ఉంది. ఉన్నమాట చెప్తాను, ఇవ్వబుద్ధి కాలేదు. వాటిని ఆ ఇసుక మీద ఉంచి, ఒక ఫొటో తీసుకుని, వెనక్కి తెచ్చుకుందామని మోసుకొచ్చాను. కానీ టీచరమ్మ కాలివేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇచ్చాను. సరిగ్గా సరిపోయాయి. ఆ రోజంతా టీచరమ్మ పక్కనే నడిచాను. ఉతికి ఇస్తానంటే వద్దని, ఇసుకతోనే తీసుకున్నాను.

మొన్న ఆ రాలిన ఇసుకని కాగితంలోకి ఎత్తుతుంటే, మా అమ్మాయి సంగతంతా విని మేజోళ్ళు తొడుక్కుని చూసుకుంది. పందొమ్మిదేళ్ళొచ్చినా పాదాలు చిన్నవే. "మనం ఎప్పుడు వెళ్దాం?" అని అడిగింది. వచ్చే ఏడు చూద్దాం అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చేసింది. దాన్ని మింగి, అక్కడే, ఆ సామాన్ల మధ్య నిలబడి, జనవరిలో పది రోజులు సెలవు కావాలని మా మేనేజరుకి రాశాను. ఈసారి గట్టిగానే అడిగాను.