పటం వెనకున్న మార్కుల షీటు

శుక్రవారం దేవుడి గూడు తుడిచేటప్పుడు, ఒక అద్దాల పటం వెనక అట్టలోంచి పాత కాగితం, పసుపు కలిసిన వాసన వస్తుంది. ఆ వాసనకు నా చేయి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ పటం టీచరత్తది.

తమిళనాడులో తేని ఊరి దగ్గర మా వీధిలో అందరివీ తెలుగిళ్ళే, బడి చదువు మాత్రం తమిళం. టీచరత్త మా ఎదురింటావిడ, రిటైరైన లెక్కల టీచరు. బీఎస్సీలో కాలేజీకే ఫస్టు. ఆ మార్కుల షీటు పటం కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది. సరస్వతీ పూజనాడు వీధిలోని తల్లులు పిల్లల్ని తెచ్చి, ముందు అమ్మవారికి, తరువాత ఆ పటానికి మొక్కించేవారు. నేనూ అలా మొక్కి పెరిగినదాన్నే. పదో తరగతి తరువాత ఇంట్లో నన్ను బయటికి పంపలేదు. ఆమె వసారాలో కూర్చునే పన్నెండో తరగతి దాటి, దూరవిద్యలో బీఎస్సీ రాశాను. ప్రతి రుజువునూ విష్ణు సహస్రనామంలా వల్లించాను. స్వామి దయ, తొంభై ఒక్క శాతం వచ్చింది. మా అమ్మ ఆ షీటుకు పసుపు రాసింది.

అదే వల్లింపుతో, దూరవిద్యలోనే ఎమ్మెస్సీకి వెళ్ళాను. మొదటి ఏడాది ఫలితం ఫోనులో చూసి, వేరెవరి హాల్ టికెట్ నంబరో కొట్టాననుకున్నాను. మళ్ళీ కొట్టాను. నా పేరే, నాన్న పేరే. యాభై రెండు శాతం. పైగా ఒక పేపరు తప్పి, మళ్ళీ రాయాల్సిన అరియర్ పడింది.

"తొంబై ఎత్తిన పిల్ల యాబైకి దిగె. చదివింది చాలు, పొయ్యి కాడికి రా" అంది అమ్మ.

పుస్తకాలన్నీ సంచికెత్తుకుని టీచరత్తకు ఇచ్చేయడానికి వెళ్ళాను.

"ఏమే కణ్ణు, కాపురం ఎత్తేస్తివా?" అంది సంచి చూసి. ముద్దుకు నన్ను తమిళంలో కణ్ణు అనే పిలిచేది.

"చదువు మానేస్తా అత్తా. మీ పేరు చెడగొట్టినాను."

ఆమె పటం దించి, వెనక మేకులు పీకింది. బీఎస్సీ షీటు వెనక ఇంకొకటి ఉంది. ఎమ్మెస్సీది. థర్డ్ క్లాసు. నా మార్కులు చూసినప్పుడు కూడా అంత కొయ్యబారిపోలేదు నేను. ఇన్నేళ్ళూ మేం మొక్కిన పటంలోనే అది ఉంది!

"రెండు తూర్లు తప్పితిని. వీధంతా మొక్కతా ఉంటే చెప్పేదానికి సిగ్గు. శెరి, అరియర్ పేపర్లో ఏమడిగిరి?"

"తెలిసిన రుజువే, ఒక షరతు తీసేస్తే నిలుస్తాదా అని అడిగిరి. నేను పుస్తకంలో ఉండేదే రాసినాను."

"నేనూ అదే రాస్తినే!" అని నవ్వి, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలిసిన వల్లింపే నీకూ నేర్పిస్తిని. తప్పు నీది కాదు, నాది."

మర్నాటి నుంచి పుస్తకం మూసేసి పాఠం. "షరతు తీసెయ్. ఎక్కడ ఇరుగుతాదో నువ్వే చూడు" అనేది. ఇద్దరం కలిసి తడబడేవాళ్ళం. అరియర్ గట్టెక్కింది. ఎమ్మెస్సీ అరవై మూడుతో ముగిసింది. తొంభై మళ్ళీ రాలేదు.

ఆ ఏడు సరస్వతీ పూజకు పటంలో థర్డ్ క్లాసు ముందుకొచ్చింది. "ఏం టీచరత్తా, తిరగేసి పెట్టినారా?" అని ఒకామె నోరు నొక్కుకుంది.

"ఇన్నాళ్ళే తిరగేసి ఉండె. ఇప్పుడు సరిగ్గా పెట్టినాను."

టీచరత్త పోయాక వాళ్ళ అమ్మాయి ఆ పటం నాకిచ్చింది. నా దగ్గర లెక్కలకు వచ్చే పిల్లలకు మొదటి రోజే మేకులు పీకి రెండు షీట్లూ చూపిస్తాను. మళ్ళీ బిగించి, ముందున్న థర్డ్ క్లాసుకే బొట్టు పెడతాను.