మఖ కార్తెలో ఖాళీ గడి

దయ్యాలు, మాయలు అంటే నేనెన్నడూ నమ్మలేదు. తాయెత్తుకని, దిష్టి తీయించడానికని ఒక్క రూపాయి ఖర్చు పెట్టిన మనిషిని కాను. చదివింది ఐదో తరగతే అయినా కంటితో చూసిందీ, చేత్తో ముట్టుకున్నదీ తప్ప మరొకటి ఒప్పుకోను. అందుకే ఈ సంగతి రాయడానికి నాకు ఏడాది పట్టింది.

మాది లింగాల ఘనపూర్ దగ్గర చిన్న ఊరు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నాకొక అలవాటు. వాన వెలిశాక చేనులోకి పోయి మట్టిలోకి చెయ్యి దించి, తడి ఎంత లోతు దిగిందో చూస్తాను. దాన్ని మేము పదును అంటాం. బెత్తెడా, జానెడా అన్నది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాస్తాను. పదును చూడకుండా గింజ వేస్తే గింజ దండగ. నేను కాగితం పారేసే మనిషిని కాదు కనుక నలభై అయిదేళ్ల క్యాలెండర్లు నా పెట్టెలో ఉన్నాయి.

మనవరాలు కల్పన హైదరాబాద్‌లో వాతావరణం చదువు చదివి అదే పనిలో ఉంది. కంప్యూటర్ లోపల ఇంకొక భూమిని నడిపిస్తారట. ఎర్త్ సిస్టమ్ మోడల్ అంటారని చెప్పింది. సముద్రం, గాలి, నేల, అడవి, మనం వదిలే పొగ అన్నీ లెక్కల్లో పెట్టి, నూరేళ్ల వెనక మొదలుపెట్టి దాని మానాన దాన్ని వదిలేస్తారు. వెనకటి కాలాన్ని అది సరిగ్గా చూపిస్తేనే రాబోయే యాభై ఏళ్ల గురించి అది చెప్పేది నమ్మాలట.

పోయిన ఎండాకాలం వచ్చి, సరిచూసుకుంటానని నా క్యాలెండర్లు అడిగింది. చింపవద్దని చెప్పి ఇచ్చాను.

“రోజుకు రోజు కలవది నానమ్మ. దాని వానలు దానియే. ఏ కార్తెల ఎన్ని పడ్డయో కలిస్తే సాలు” అంది. దాని తెర మీద మూడు నాలుగు మండలాలకు కలిపి ఒక్కటే గడి.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్ల నాయిన చనిపోయిన సంవత్సరం దగ్గరికి వచ్చింది. వాళ్ల నాయిన అంటే నా ఒక్క కొడుకు మల్లేశం. పద్నాలుగేళ్ల కింద ఆగస్టు చివర్లో, మఖ కార్తెలో వాగులో కొట్టుకుపోయాడు. అప్పుడు కల్పన ఐదో తరగతి.

అందరికీ నేను చెప్పింది ఒకటే. చుక్క వాన లేదు, వాగు అవతలి ఒడ్డున మోటారు చూసి వస్తానని పోయాడు, ఎగువ నుంచి ఉన్నట్టుండి వరద వచ్చింది అని. చేను ఊరికి రెండు మైళ్లు. అక్కడున్నది వాడూ నేనూ. ఊళ్లో ఆ రోజు నిజంగానే వాన పడలేదు. అందుకే ఊరు నమ్మింది, కోడలు నమ్మింది.

నా క్యాలెండర్‌లో ఆ కార్తె మొత్తం ఖాళీ. కల్పన తెర మీద కూడా ఖాళీయే. ఒక్క రోజు తప్ప. ఆ రోజు గడి నీలంగా ఉంది. నీలమంటే వాన.

“గిట్ల కలవనే కలవద్దు నానమ్మ. గీ ఒక్క రోజే తేడా. అదీ బాపు పోయిన రోజు.” కాసేపు చూసి నవ్వడానికి ప్రయత్నించింది. “మండల్ ఆఫీసుల సున్న, నీ దాంట్ల సున్న. మిషన్‌దే తప్పు. నీ క్యాలెండర్ ఎన్నడన్న అబద్ధం ఆడిందా?”

నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. చేతులు ఆగిపోయాయి. ఎన్ని గంటలకు పడిందో చూపిస్తుందా అని అడిగాను. పొద్దున తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా అని చూసి చెప్పింది.

సరిగ్గా ఆ వేళకే. చేనులో కొట్టం కింద ఇద్దరం నిలబడ్డాం. “జర తగ్గినంక పోత అవ్వా” అన్నాడు వాడు. “తగ్గేదాక మోటారు మునగకుంట ఆగుతదా? కొత్త మోటారు. పో” అన్నాను. యూరియా సంచి నెత్తిన వేసుకుని పోయాడు. వాన వెలిసింది. నేను అలవాటు కొద్దీ చేనులోకి పోయి చెయ్యి దించాను. చెయ్యి మట్టిలో ఉండగానే వాగు హోరు వినిపించింది.

ఆ నెల పెన్సిల్ ముట్టలేదు. వాన రాస్తే, ఆ వానలో వాణ్ని పంపిందెవరని అడుగుతారు.

ఇదంతా కల్పనకు చెప్పాను. అది ఏడవలేదు. తెర వైపే చూస్తూ అడిగింది.

“ఎంత దిగింది పదును?”

“జానెడు.”

పెన్సిల్ తెచ్చి నా చేతికిచ్చింది. రాశాక, “అమ్మకు నువ్వే చెప్పు” అంది.

ఆ సాయంత్రమే చెప్పాను. కోడలు ఇప్పటికీ వేళకు కంచంలో అన్నం పెడుతుంది. ఎదురుగా మాత్రం కూర్చోదు.

హైదరాబాద్ పోయాక కల్పన ఆ లెక్కను మొదలుపెట్టేటప్పటి వేడిని రవ్వంత మార్చి చాలాసార్లు నడిపిందట. ప్రతిసారీ వానలు వేరే తేదీల్లోకి చెదిరిపోయాయి. ఆ రోజు వాన మళ్లీ రాలేదు. ఊరికే అట్లా కలిసిందంతే అని ఫోన్‌లో చెప్పింది. చెప్పే గొంతులో దానికీ నమ్మకం లేదు. మొదటిసారి వచ్చిన బొమ్మను అది అచ్చు తీసిచ్చిన కాగితం నా పెట్టెలో, ఆ క్యాలెండర్‌లోనే మడిచి పెట్టాను.

ఆ వానను చూసింది ఇద్దరం. ఒకడు వాగులో పోయాడు. నేను పద్నాలుగేళ్లు నోరు తెరవలేదు. మరి ఆ మిషన్‌కు ఎట్లా తెలిసిందో ఎంత ఆలోచించినా నాకు అందలేదు. వాడే చెప్పాడని నేననను. కానీ మొన్న వాన వెలిశాక చేనులోకి పోయి వంగాను. చెయ్యి మట్టిలోకి దించలేక తిరిగొచ్చాను.