మిలోరాద్ కోచ్, నా పెరుగన్నం

కువైట్‌లోని ఫింటాస్‌లో మా ఎదురు జిమ్ములో ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పే మిలోరాద్‌ది సెర్బియా. తాటిచెట్టంత మనిషి, ముక్కు రెండుసార్లు విరిగింది, గొంతు మాత్రం పిల్లికూనది. మా అమ్మాయి సత్యశ్రీ ఆయన దగ్గర చేరతానంటే దానితో మూడు రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు ఆయనే వచ్చి, బూట్లు గుమ్మం బయట విప్పి, నా పూతరేకులు ఆరు తిన్నాడు. ఇక కాదని ఎలా అంటాను?

వాళ్ల దేశంలో ఎనభై పోటీలు ఆడి అరవై గెలిచాడట. జాతీయ ఫైనల్ మాత్రం ఆడలేదు. ఎందుకని అడిగితే, బరువు ఎక్కువైందని నవ్వేసేవాడు. తర్వాత పగలు టైర్ల ఫ్యాక్టరీలో పని, సాయంత్రం పిల్లలకు శిక్షణ. కువైట్ వచ్చి పదేళ్లయింది.

పోయిన నెల జిమ్ము యజమాని తేల్చేశాడు. ఈసారి పోటీకి ఒక్క అమ్మాయైనా దిగకపోతే ఆడపిల్లల క్లాసు ఖలాస్. సిద్ధంగా ఉన్నది మా సత్యశ్రీ ఒక్కతే. బరువు యాభైనాలుగు కిలోలు దాటకూడదు.

పోటీ రోజు ఉదయం అది తూకానికి బయలుదేరుతుంటే ఊరుకుంటానా? పెరుగన్నం తినకుండా మంచి పనికి గడప దాటడం మా కోనసీమలో ఉందా? వద్దని మొత్తుకుంటున్నా నాలుగు ముద్దలు పెట్టి, గ్లాసుడు మజ్జిగ తాగించాను. తీరా దాని వెంట వెళ్లి చూస్తే కాటా మీద మూడు వందల గ్రాములు ఎక్కువ. గంట గడువిచ్చారు.

ఏం తిన్నావని కోచ్ అడిగితే, పిల్ల నావైపు చూడకుండా ఏమీ లేదంది. నా ప్రాణం చివుక్కుమంది.

"నేనే పెట్టాను బాబూ. నాదే బుద్ధి తక్కువ," అన్నాను.

ఆయన కోప్పడలేదు, నా పక్కన కూలబడ్డాడు. ఫైనల్ రోజు పొద్దున వాళ్ల అవ్వ పండక్కి వండే గోధుమలు పంచదారతో గిన్నెడు తినిపించిందట. ఆయనకూ గంట ఇచ్చారు. కానీ పరిగెత్తి చెమటోడిస్తే, బయట నిలబడ్డ అవ్వకు బరువు పెరిగింది తన వంటవల్లేనని తెలిసిపోతుంది. పోటీ రద్దయిందని చెప్పి ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. ఆవిడ పోయేదాకా నిజం చెప్పలేదు.

"యల్లా, పద పద," అని లేచి, పిల్లకు స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడిగి తాడు చేతికిచ్చాడు. నలభై నిమిషాలు గెంతినా ఇంకా తొంభై గ్రాములు మిగిలాయి. పిల్ల ఇక గెంతలేక తాడు వదిలేసింది. పద్దెనిమిదేళ్లు నూనె రాసి పెంచిన జడ! బల్ల మీది కత్తెర తీసి మెడ దగ్గర కోసేశాను. కాటా సరిగ్గా యాభైనాలుగు చూపించింది.

సత్యశ్రీ పాయింట్లతో ఓడిపోయింది లెండి. అయితేనేం, క్లాసు నిలిచింది, ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. నాకు గుర్తుండేది ఆ తూకం గది. కింద పడ్డ జడ తీసి నా చేతిలో పెడుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాడు మిలోరాద్.

"మా అవ్వకి చెప్పాల్సింది. ఆవిడా కత్తెర తెచ్చేది."