ఎడమచేతి ముగ్గు

డెబ్భైల చివర్లో నాకు పాకాల సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి కాఫీ గ్లాసులు ఒక్కొక్కటిగా, ఎంతో నెమ్మదిగా కుడిచేత్తో అందించింది. తిరుపతికి తిరిగొచ్చే రైల్లో మా అమ్మ అదే తలచుకుని మురిసిపోయింది.

"ఎంత నిదానం గల పిల్ల. ఒక్క చుక్క తొణకలేదు సూడు."

ఆ నిదానానికి కారణం పెళ్లయిన నాలుగో రోజు తెలిసింది. పొద్దున్నే నా భార్య వాకిట్లో ముగ్గు వేస్తోంది, ఎడమచేత్తో. వేళ్ల సందు నుంచి పిండి దారంలా జారుతోంది. అమ్మ గడపలోనే నిలబడిపోయింది. మాది గుడి సేవలో ఉన్న కుటుంబం. ఎడమచేత్తో పువ్వు అందిస్తే అమ్మ తీసుకునేది కాదు.

లోపలికొచ్చి నన్ను నిలదీసింది. నేను హైస్కూల్లో సైన్సు మాస్టరును కాబట్టి తెలిసింది చెప్పాను.

"అది పుట్టుకతో వచ్చే వాటం అమ్మా. ఎడమచేతిని నడిపించేది మెదడులో కుడిపక్క."

అమ్మ తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. "అయితే లోపల ఆ పిల్లది కుడే కదా?"

"ఒక రకంగా అంతే."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదప్పా."

పూజకూ వడ్డనకూ కుడిచెయ్యి, ముగ్గుకు మాత్రం ఎడమచెయ్యి అని తీర్పు చెప్పేసింది. నా పాఠం బడిలో ఎప్పుడూ అంత తొందరగా ఎవరికీ ఎక్కలేదు.

మెదడు సంగతి ఎదురింటావిడకు తెలియదు కదా. మర్నాడే అడిగింది. "ఏమొదినా, నీ కోడలు ఎడంచేత్తో ముగ్గేస్తా ఉండాదే?"

"కోడలొచ్చినాక ఇంట్లో ఆడోళ్లు ఎడంచేత్తోనే వెయ్యాల. మా ఇంటి ఆచారం" అంది అమ్మ, తడుముకోకుండా.

ఏడాది తిరిగేసరికి నా భార్య పురిటికి పాకాల వెళ్లింది. వాకిట్లో ముగ్గు పని అమ్మ మీద పడింది. మొదటిరోజు కుడిచేత్తో పిండి తీసుకుని వంగిందో లేదో, ఎదురింటావిడ గేటు దగ్గర కనిపించింది. అమ్మ పిండిని ఎడమచేతికి మార్చుకుంది.

ఇక చూడాలి. చుక్కలు వరస తప్పేవి. తామరపువ్వు మొదలుపెడితే క్యాబేజీగా తేలేది. ఎదురింటావిడ రోజూ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడేది.

"చెయ్యి వణుకుతా ఉండాదే వొదినా?"

"చలి" అంది అమ్మ. అది మే నెల.

సాయంత్రాలు ఎడమ భుజానికి నూనె రాసుకుంటూ మూలిగేది. నిజం చెప్పేయమన్నాను. "ఆచారమని చెప్పినాక నడిపించాల కదా" అని నా మీదే కసురుకుంది.

అయిదు నెలలకు నా భార్య పాపను తీసుకుని వచ్చింది. ఆ రోజు వంటింట్లో అమ్మ అడిగిన మాట నాకు హాల్లోకి వినిపించింది.

"అమ్మణ్ణీ, కుడిచేత్తో వడ్డించేటప్పుడు నీకూ ఇట్లే ఉంటాదా? చెయ్యి మనది కాదన్నట్టు?"

"ఇంతకంటే నయమే అత్తా. నేను వడ్డిస్తా ఉంటే ఎదురింటామె వచ్చి చూడదు కదా."

అమ్మ నవ్వలేదు. "ఇంట్లో మనమే ఉన్నప్పుడు నీకు వాటమైన చేత్తో వడ్డించు" అంది. గరిటె ఆ చేతికే ఇచ్చిందట కూడా.

మర్నాడు తనే రోడ్డు దాటి వెళ్లింది. "ఆచారమూ లేదు, ఏమీ లేదు. ఆ పిల్లకు ఎడం చెయ్యే వాటం. నేను అబద్ధం చెప్పినా" అని ఒప్పుకుంది.

"నాకు మొదటిరోజే తెలుసు వొదినా" అంది ఆవిడ. "నువ్వు ఎన్నాళ్లు ఏస్తావో సూద్దామని ఊరుకున్నా."

రెండు రోజులు రెండిళ్ల మధ్యా మాటల్లేవు. మూడో రోజు పాపను ఎత్తుకోవడానికి ఆవిడే వచ్చింది. అమ్మ కాఫీ ఇచ్చింది గానీ చక్కెర తక్కువ వేసింది.