మీనాంబ పెరుగు

తిరువళ్ళూరు సర్కారు ప్రయోగశాలలో క్రిములను పరీక్షించే జనార్ధనం మంచినీళ్ళయినా గ్లాసును వెలుతురుకెత్తి చూసిగాని తాగడు. హాని చేసే క్రిమీ, చేయని క్రిమీ భూతద్దంలో ఒకే పోలికతో కనబడటమే ఆయన దిగులు. ఒక వేసవిలో మీనాంబ టిఫిన్ అంగడిలో తిన్న ఎవరికో కడుపునొప్పి వస్తే, అక్కడి పెరుగులో ఆయనకు అలాంటి ఎటూ తేలని క్రిములే కనిపించాయి. అంగడి మూయించారు. ఏ రకమో తేల్చమని కరెంటు రైలులో మద్రాసుకు పంపిన పెరుగుకు ఐదు రోజులైనా జవాబు లేదు.

"అది మంచిదా చెడ్డదా సారూ? నా పొయ్యి ఆరిపోయినాది" అని మీనాంబ ఏడ్చింది. జనార్ధనం తట్టుకోలేక, అంగడిలో మిగిలిన ఆ పెరుగే ఆమె చేత తెప్పించుకుని గిన్నెడు తిన్నాడు. అంగడి అరుగు మీద కూర్చుని గంటగంటకూ పొట్ట తడుముకున్నాడు. వీధంతా చుట్టూ చేరి ఆయన మొహమే చూసింది. సాయంత్రానికి లేచి, "చూసినావా అమ్మా, మంచి క్రిమే!" అన్నాడు.

మీనాంబ తల వంచుకుంది. "మీకేమన్నా అయితే మీ ఇంటామెకి నేనేం జెప్పేది సారూ? మీకు పెట్టింది పక్కింటి పెరుగు."

మర్నాడే మద్రాసు ఉత్తరం వచ్చింది. హాని లేని రకమే. అంగడి తెరిచారు. జనార్ధనం మాత్రం, పరీక్ష చేయని పక్కింటి పెరుగును తలుచుకుని, ఇంకో వారం పొట్ట తడుముకుంటూనే ఉన్నాడు.